బదిలీపై వచ్చే అధికారి: తెలుగు తెరపై చిన్న పట్టణపు పోలీసు – మెదక్ నేపథ్యంలో ఒక పరిశీలన

మెదక్ పట్టణానికి చేరువలో, పాపన్నపేట మండలం నాగసాన్‌పల్లి పరిధిలో మంజీర ఏడు పాయలుగా చీలి ప్రవహిస్తుంది. ఏడుపాయల క్షేత్రంలో మహాశివరాత్రినాడు ఆరంభమయ్యే వనదుర్గామాత జాతర మూడు రోజులు సాగుతుంది. ఆ జనసందోహానికి స్థానిక ఠాణా సిబ్బంది చాలరు. ఇతర ఠాణాల నుండి పోలీసులను రప్పిస్తారు. జాతర ముగియగానే వారు ఎక్కడివారక్కడికి వెళ్ళిపోతారు. పోలీసు అంటే వేరొక చోటినుండి వచ్చి, పని ముగించుకొని పోయేవాడన్న భావన ఈ జాతరకు మాత్రమే పరిమితమైనది కాదు. తెలుగు తెరపై చిన్న పట్టణపు పోలీసు అధికారి పాత్ర రూపొందిన తీరుకు ఈ భావనే ప్రధాన కారణమని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

విషయం స్పష్టం కావడానికి ఒక పరాయి ఉదాహరణ ఉపకరిస్తుంది. అమెరికన్ రచయిత రాబర్ట్ బి. పార్కర్ 1997లో వెలువరించిన ‘నైట్ ప్యాసేజ్’ నవలతో జెస్సీ స్టోన్ అనే పాత్రను సృష్టించాడు. 2005 నుండి టామ్ సెల్లెక్ ఆ పాత్రను టెలివిజన్ చిత్రాలలో పోషించాడు. జెస్సీ స్టోన్ విడాకులు పొందినవాడు. మద్యపానం కారణంగా లాస్ ఏంజెలెస్ పోలీసు ఉద్యోగం పోగొట్టుకున్నవాడు. పారడైజ్ అనే చిన్న ఊరి పెద్దలు అతణ్ణి తమ పోలీసు అధిపతిగా ఏరికోరి నియమిస్తారు. తాగుబోతు కనుక చెప్పినట్టు వింటాడని వారి అంచనా. ఈ కథ నడవడానికి ఒక పాలనాపరమైన వాస్తవం ఆధారం: అక్కడ పోలీసు అధిపతిని నియమించేది ఆ ఊరే, తొలగించేదీ ఆ ఊరే. అందువల్ల అధికారి వ్యక్తిగత బలహీనత ఊరి వ్యవహారమవుతుంది.

తెలుగు ప్రాంతాలలో ఊరికి ఇట్టి అధికారం లేదు. కోస్తా, రాయలసీమ జిల్లాలు 1859 నాటి మద్రాసు జిల్లా పోలీసు చట్టం కిందికి వచ్చాయి. మెదక్ ఉన్న నిజాం రాజ్యంలో వేరొక పద్ధతి ఏర్పడింది. మొదటి సాలార్‌జంగ్ 1865 ప్రాంతంలో జిల్లాబందీ చేపట్టినప్పుడు పోలీసు శాఖ కొత్త రూపు దిద్దుకున్నది. హైదరాబాదు నగరం కొత్వాలు అధీనంలో విడిగా ఉండగా, జిల్లాలలో మొహతమీము, అతని కింద అమీను అనే అంచెలు నిలిచాయి. నేటి పరిభాషలో మొహతమీము అంటే ఎస్పీ, అమీను అంటే ఎస్సై. 1948 సెప్టెంబరు సైనిక చర్య తరువాత ఈ హోదాలు కాగితాల మీద మారిపోయినా ‘అమీను సాబు’ అన్న పిలుపు తెలంగాణ పల్లెల నోళ్ళలో చాలా కాలం నిలిచింది. అమీను ఏనాడూ ఊరివాడు కాడు. కొత్వాలుగా ఖ్యాతి గాంచిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డి వనపర్తి సీమలో జన్మించి, అమీనుగా ఉద్యోగం ఆరంభించినది మాత్రం కన్నడ సీమలోని ముద్గల్లులో.

ఊరివాడైన పోలీసు మరొకడు ఉండేవాడు: పోలీసు పటేలు. వంశపారంపర్యంగా వచ్చే ఈ పదవిలో ఉన్నవాడికి ఊరిలో ఎవరి గుట్టు ఏమిటో తెలుసు. అతని గుట్టూ ఊరికి తెలుసు. నిజానికి జెస్సీ స్టోన్ వంటి పాత్రకు తెలంగాణలో సరిపోలేవాడు అమీను కాడు, పటేలే. కానీ భూమి, కులం, అధికారం ఒకే చేతిలో ఉన్న పటేలును సానుభూతితో చూడగల కథ పుట్టడం కష్టం. సాయుధ పోరాట జ్ఞాపకం ఉన్న నేలలో మరీ కష్టం. తెరపై అతడు ప్రతినాయకుడిగానే మిగిలాడు. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం పటేలు, పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది.

అంతకు మూడేళ్ళ ముందే, 1981లో, అదే రామారావు కె. రాఘవేంద్రరావు దర్శకత్వంలో ‘కొండవీటి సింహం’లో ఎస్పీ రంజిత్‌కుమార్‌గా నటించడం విశేషం. శివాజీ గణేశన్ నటించిన తమిళ చిత్రం ‘తంగపతకం’ (1974) దీనికి ప్రేరణ. కన్నకొడుకు నేరస్థుడైతే చట్టం పక్షాన నిలిచిన తండ్రి కథ ఇది. తెలుగు తెర పోలీసు అధికారి మనోవ్యథను కుటుంబంలో వెదికిన తొలినాళ్ళ ప్రజాదరణ పొందిన చిత్రాలలో దీనికి స్థానముంది. అయితే ఎస్పీ దుఃఖిస్తాడే గాని తడబడడు. తప్పు కొడుకుది, అధికారి యూనిఫారానికి మచ్చ అంటదు.

‘అంకుశం’ (1989), ‘కర్తవ్యం’ (1990) ఆ బాధను ఇంటి నుండి రాజకీయ రంగానికి మార్చాయి. కోడి రామకృష్ణ, రాజశేఖర్‌ల ‘అంకుశం’లో అధికారికి అడ్డు రాజకీయ అండగల రౌడీ. దూరదర్శన్‌లో ‘ఉడాన్’ ధారావాహిక ఒక మహిళా పోలీసు అధికారి జీవితాన్ని దేశానికి చూపిన మరుసటి ఏడు వచ్చిన ‘కర్తవ్యం’లో విజయశాంతి వైజయంతి పాత్ర ధరించి జాతీయ ఉత్తమ నటి పురస్కారం అందుకున్నారు. ఈ రెండింటిలోనూ అధికారి న్యాయం చేయలేకపోవడానికి కారణం బయట ఉంది. అధికారి లోపల ఏముందన్న ప్రశ్న పుట్టదు. బయటి అడ్డు తొలగితే చాలునన్న ఈ తర్కం చివరకు తుపాకికి చట్టాన్ని మించిన చోటిచ్చిందన్నది విస్మరించరాని విషయం. పోలీసు నిర్బంధాన్ని బాధితుల వైపు నుండి చూపిన ‘అంకురం’ (1992), పోలీసు కాబోయిన యువకుడు ఉద్యమంలోకి వెళ్ళే ‘సింధూరం’ (1997) జాతీయ పురస్కారాలు పొందినా తెలుగు తెర ప్రధాన ధోరణిని మార్చలేదు.

మెదక్‌కు ఈ చరిత్రలో విచిత్రమైన పాత్ర ఉంది. వైజయంతిగా ప్రేక్షకులు మెచ్చిన విజయశాంతి 2009లో మెదక్ నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 2014లో మెదక్ శాసనసభ స్థానానికి పోటీ చేసి ఓడిపోయారు. తెర మీది పోలీసు ఎన్నికలలో ఓటుగా ఎంత మారుతుందో ఒక్క ఉదాహరణతో తేల్చలేము. అయినా ఊరు ఎన్నుకోలేని పోలీసు అధికారిని పోషించిన నటిని ఊరు ఎన్నుకున్నదన్న వైరుధ్యం ఆలోచింపదగినది.

అధికారి అంతరంగం తెలుగు తెరపై విశేషంగా కనిపించడం గత కొన్నేళ్ళ మాట. శైలేష్ కొలను ‘హిట్’ (2020)లో దర్యాప్తు అధికారి విక్రమ్ గతపు భయాలతో సతమతమవుతాడు. కాని అది నగరపు కథ. చిన్న పట్టణానికి వస్తే, 2022లో జీ5లో వచ్చిన ‘రెక్కీ’ తాడిపత్రి నేపథ్యంగా కొత్తగా వచ్చిన ఎస్సై దర్యాప్తును ఏడు భాగాలలో చూపింది. విడిది, విరామం దొరికే ధారావాహిక నిడివి ఊరి ముఠాలను, బంధుత్వాలను ఓపికగా విప్పడానికి వీలిచ్చింది. మలయాళ ‘నాయాట్టు’కు పునర్నిర్మాణమైన ‘కోటబొమ్మాళి పీఎస్’ (2023) మరొక అడుగు వేసింది. శ్రీకాకుళం జిల్లా ఠాణాకు చెందిన చిన్న ఉద్యోగులు, ఎన్నికల వేళ, తమ శాఖకే వేటగా మారతారు. నలిగేవాడు ఐపీఎస్ కాడు, హెడ్ కానిస్టేబులు. బదిలీతో తప్పించుకొనే వెసులుబాటు అతనికి లేదు. ‘కొండవీటి సింహం’ ఎస్పీకి లేని భయం ఇతనికి ఉంది. ఆ మేరకు ఇతడు మనిషిగా మరింత దగ్గరవుతాడు.

దశాబ్దాలపాటు జిల్లాకు పేరు మెదక్‌దైనా, జిల్లా కేంద్రం సంగారెడ్డి. ఎస్పీ ఉన్నదీ అక్కడే. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో మెదక్ పట్టణమే జిల్లా కేంద్రమై, ఎస్పీ ఆ ఊరికి వచ్చారు. ఏడుపాయల జాతర బందోబస్తు ఇప్పుడు ఆ కార్యాలయం నుండే సాగుతుంది. అక్కడికి వచ్చే అధికారి కూడా బదిలీ ఉత్తర్వుతోనే వస్తారు.