ఈత నేర్చిన స్త్రీలు

పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని బాసర మొదలు కరీంనగరపు సీమయందలి ధర్మపురి, మంథని, కాళేశ్వరముల వరకు గోదావరి తీరమున ఎన్ని రేవులు! కార్తికమాసమున, పుష్కరములందు వేలకొలది స్త్రీలు అచట మునుగుదురు. కాని మొలలోతు దాటి నాలుగు బారలు వేయగల వారెందరు? నదికి పసుపుకుంకుమ లర్పించు చేతులకు ఈత నేర్పుట మన యిండ్లలో మర్యాదగా తోపలేదు. కొడుకు నడుమునకు బెండు గట్టి బావిలోనికి దింపిన తండ్రియే కూతురిని గట్టుమీద కూర్చుండబెట్టెను.

వంగదేశమున ఆరతీ సాహా బాల్యము ఇట్లు గడవలేదు. 1940లో కలకత్తాలో పుట్టి, పసితనముననే తల్లిని గోల్పోయిన ఆ బాలిక, పెద్దలవెంట హుగ్లీనది స్నానఘట్టమునకు పోవుచు ఈత నేర్చినది. పండ్రెండేండ్లు నిండకమునుపే 1952లో హెల్సింకి ఒలింపిక్ పందెములలో ఈదినది. 1959 ఆగస్టులో ఇంగ్లీషు ఛానెలు దాటబోయి, ఆవలి తీరము కొద్దిమైళ్ళు మాత్రమే యుండగా విరమింపవలసి వచ్చెను. నెల తిరిగినంతనే, సెప్టెంబరు 29న, 16 గంటల 20 నిమిషములలో దాటెను. ఆసియాఖండపు స్త్రీలలో ఆమెయే మొదటిది.

మన గోలి శ్యామలగారి చరిత్ర వేరు. వీరిది సామర్లకోట, నివాసము హైదరాబాదు. ఈత నేర్చినది నలువది దాటిన పిమ్మట. 2021 మార్చి 19న తెల్లవారకమునుపే సింహళమందలి తలైమన్నారు వద్ద సముద్రమున దిగి, సుమారు 30 కిలోమీటర్ల పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషములలో ఈది, ధనుష్కోటి తీరమున కాలు మోపిరి. 2004లో బులా చౌదరి ఈదిన జలమార్గమే యిది. ఇట్టి యీతలలో పడవ వెంటనుండును. తిండియు నీరును అందింతురు. అలసట యెంతయైనను పడవను పట్టుకొని సేదదీరరాదు.

ఆ వయస్సున నింత సాహసమా యని పలువురు విస్తుపోయిరి. మాకు వింత మరియొకటి. కాలువలు పారు గోదావరి సీమలో పుట్టిన స్త్రీకి నీటితో చెలిమి కుదురుటకు నలువదేండ్లేల పట్టవలెను? ఇది యామె లోపము కాదు. అంతటి శక్తి గల చేతులు మన రేవులలో బిందెలు ముంచుచునే ముసలివైనవి ఎన్నియో!

2024 డిసెంబరు కడపట ఆమె విశాఖపట్నమున మరల సముద్రమున దిగిరి. దినమునకు కొంతదూరముగా, మొత్తము సుమారు 150 కిలోమీటర్లు ఈదిరి. 2025 జనవరి తొలి దినములలో కాకినాడ ఒడ్డు చేరిరి. అచటికి సామర్లకోట మూడామడ యైనను లేదు.