డీఎస్ఎల్ఆర్ కెమెరాతో గ్రహాల రా వీడియో చిత్రీకరణ

సామాన్య వినియోగానికి తయారైన డీఎస్ఎల్ఆర్ కెమెరాను దూరదర్శినికి అమర్చి, గురుడు, శని, అంగారకుడు వంటి గ్రహాలను కుదింపు లేని వీడియోగా నమోదు చేయడం ఔత్సాహిక ఖగోళ ఛాయాగ్రహణంలో ఒక పద్ధతి. సెన్సరు అందించిన విలువలను కెమెరా మార్చకుండా యథాతథంగా భద్రపరిస్తే దానిని రా వీడియో, అనగా ముడి వీడియో అంటారు. ఇందులోని వేలాది ఫ్రేములలో స్పష్టమైన వాటిని ఏరి, ఒకదానిపై ఒకటి పేర్చి ఒకే చిత్రాన్ని తయారు చేస్తారు. డీఎస్ఎల్ఆర్ కెమెరాలలో వీడియో సౌకర్యం 2008లో నికాన్ డీ90, కానన్ 5డీ మార్క్ 2 లతో మొదలైంది. ముడి వీడియో మాత్రం 2013లో, అదీ తయారీదారు ప్రమేయం లేకుండా, సాధ్యమైంది.

వీడియో అవసరం

నక్షత్రాలు మిణుకుమిణుకుమనడానికి కారణమైన గాలి అలజడే గ్రహబింబాన్ని కూడా నీటి అడుగున ఉన్న నాణెంలాగా కదిలిస్తుంది. గాలి క్షణకాలం నిలకడగా ఉన్నప్పుడు మాత్రమే దూరదర్శిని తన పూర్తి సామర్థ్యం మేరకు బింబాన్ని చూపగలదు. అటువంటి క్షణాలు ఎంత తరచుగా దొరుకుతాయో 1978లో డేవిడ్ ఫ్రీడ్ గణితపరంగా లెక్కగట్టాడు. ఏ క్షణం మంచిదో ముందుగా తెలియదు కనుక ఎక్కువ ఫ్రేములు తీయడం ఒక్కటే మార్గం. 2000ల తొలినాళ్ళలో ఔత్సాహికులు ఇందుకు మామూలు వెబ్‌క్యామ్‌లను వాడి మంచి ఫలితాలు సాధించారు.

మామూలు వీడియోలోని లోపాలు

ఫుల్ హెచ్‌డీ అనే పేరును చూసి మోసపోరాదు. కానన్ 550డీ కెమెరా సెన్సరు వెడల్పు 22.3 మిల్లీమీటర్లు, అందులో 5184 పిక్సెళ్ళు ఉంటాయి. హెచ్‌డీ వీడియోలో ఉండేవి 1920 మాత్రమే. 200 మిల్లీమీటర్ల దర్పణం గల దూరదర్శిని నాభ్యంతరాన్ని బార్లో కటకంతో 4000 మిల్లీమీటర్లకు పెంచినా, 45 కోణీయ సెకన్ల గురుబింబం సెన్సరుపై 0.9 మిల్లీమీటరు కూడా ఉండదు. సెన్సరు అసలు పిక్సెళ్ళలో ఇది సుమారు 200. హెచ్‌డీ వీడియోలో 75కు పడిపోతుంది. కనుక సెన్సరు మధ్యభాగాన్ని మాత్రమే, పిక్సెలుకు పిక్సెలుగా నమోదు చేయాలి. 550డీ, 60డీ కెమెరాలలో 640×480 క్రాప్ వీడియో ఉండడం వలన అవి ఈ పనికి ప్రసిద్ధి చెందాయి.

రెండవ లోపం కుదింపు. ఇది మొదటిదానికన్నా తీవ్రమైనది. హెచ్.264 పద్ధతిలో ఒక్కో వర్ణానికి 8 బిట్లు, అంటే 256 స్థాయిలు మాత్రమే మిగులుతాయి. ముడి వీడియోలో 14 బిట్లు, అంటే 16,384 స్థాయిలు ఉంటాయి. పైగా హెచ్.264 చిత్రాన్ని చిన్న చిన్న గడులుగా విభజించి, కంటికి అంతగా ఆనని సున్నితమైన తేడాలను తొలగిస్తుంది. గురుగ్రహపు పట్టీల అంచులు, శని వలయాల మధ్య ఛాయాభేదాలు ఇటువంటి తేడాలే. ఫ్రేములను పేర్చినపుడు యాదృచ్ఛికమైన రొద వాటి సంఖ్య వర్గమూలం మేరకు తగ్గుతుంది: 900 ఫ్రేములు పేరిస్తే 30వ వంతు అవుతుంది. కుదింపు మిగిల్చే గడుల జాడలు యాదృచ్ఛికం కావు కనుక అలా పూర్తిగా చెరిగిపోవు. తరువాత చిత్రానికి పదును పెట్టినపుడు అవే గ్రహంపై లేని వివరాలుగా బయటపడతాయి.

ఇది కేవలం అందానికి సంబంధించిన విషయం కాదు. 2010 జూన్ 3న గురుగ్రహంపై ఏదో వస్తువు ఢీకొన్న మెరుపును ఆస్ట్రేలియాలో ఆంథనీ వెస్లీ, ఫిలిప్పీన్స్‌లో క్రిస్టొఫర్ గో విడివిడిగా వీడియోలో పట్టుకున్నారు. వారి కెమెరాలు డీఎస్ఎల్ఆర్లు కావు. కాని ఒకటి రెండు సెకన్ల అటువంటి ఘటనకు సాక్ష్యంగా నిలవాలంటే ఫ్రేములోని చుక్క గ్రహానిదా, కుదింపుదా అన్న సందేహం ఉండకూడదు.

మేజిక్ లాంతర్

మేజిక్ లాంతర్ కానన్ కెమెరాలకు స్వచ్ఛంద ప్రోగ్రామర్లు రాసిన అదనపు సాఫ్ట్‌వేరు. 2009లో ట్రామెల్ హడ్సన్ దీనిని 5డీ మార్క్ 2 కోసం ప్రారంభించాడు. 2013లో లైవ్ వ్యూ దత్తాంశాన్ని 14 బిట్ల ముడి రూపంలోనే కార్డుకు పంపే విధానం ఇందులో చేరింది. దీనికి కానన్ సంస్థ ఆమోదం లేదు; నష్టం జరిగితే బాధ్యత వాడుకరిదే.

అసలు అవరోధం కార్డు వేగం. 1920×1080 ముడి ఫ్రేము ఒక్కటి 3.6 మెగాబైట్లు, సెకనుకు 24 చొప్పున 87 మెగాబైట్లు రాయాలి. 550డీ ఎస్‌డీ కార్డుకు రాయగలిగేది సుమారు 20 మాత్రమే. ఖరీదైన కార్డు కొన్నా ఈ పరిమితి మారదు, అది కెమెరాలోనిదే. సినిమా తీసేవారికి ఇది పెద్ద ఇబ్బంది. గ్రహాలకు మాత్రం ఐదు రెట్ల లైవ్ వ్యూలో 640×480 కిటికీ చాలు: ఫ్రేముకు 0.54 మెగాబైట్లు, సెకనుకు 25 ఫ్రేములకు 13.4 మెగాబైట్లు.

చిత్రీకరణ

కెమెరా లెన్సును తీసివేసి, టీ-రింగు ద్వారా కెమెరాను దూరదర్శినికి బిగిస్తారు. 4.3 మైక్రాన్ల పిక్సెళ్ళకు ఎఫ్/20 పరిసరాల్లోని నాభి నిష్పత్తి తగినది. ఆ నిష్పత్తి వద్ద గురుడికి ఐఎస్ఓ 400లో 1/30 సెకను సరిపోతుంది. శని మసకగా ఉంటుంది కనుక ఐఎస్ఓ పెంచాలి. 4000 మిల్లీమీటర్ల నాభ్యంతరంలో పై కిటికీ వెడల్పు 2.4 కోణీయ నిమిషాలే. భూభ్రమణం వలన గ్రహం పది సెకన్లలోపే దానిని దాటిపోతుంది. కాబట్టి మోటారుతో తిరిగే ఆధారం దాదాపు తప్పనిసరి. గురుడు 9 గంటల 55 నిమిషాలకు ఒకసారి తన చుట్టూ తాను తిరుగుతాడు కనుక రికార్డింగు రెండు మూడు నిమిషాలు మించితే వివరాలు అలుక్కుపోతాయి. రెండు నిమిషాలలో 3000 ఫ్రేములు, 1.6 గిగాబైట్లు వస్తాయి.

గ్రహం ఎంత ఎత్తున ఉంటే అంత మంచిది. ఈ విషయంలో తెలుగు ప్రాంతాలకు అక్షాంశం అనుకూలమైనది. 2020 జూలైలో గురుడు లండనులో దిక్చక్రం నుండి 17 డిగ్రీలు దాటలేదు, హైదరాబాదులో 50 డిగ్రీల వరకు వచ్చాడు. అయితే ఇక్కడ అది వానాకాలం.

ఫ్రేముల ఎంపిక

ముడి దస్త్రాన్ని ముందుగా డీఎన్‌జీ చిత్రాలుగా విడదీస్తారు. పిప్ అనే ప్రోగ్రాము గ్రహాన్ని ప్రతి ఫ్రేములోను మధ్యకు తెస్తుంది. ఎమిల్ క్రైకాంప్ రూపొందించిన ఆటోస్టాకర్ట్ ఫ్రేములను నాణ్యత వారీగా వరుస పెట్టి, మేలైన వాటిని పేరుస్తుంది. పదును పెట్టడానికి కోర్ బెరెవోట్స్ రూపొందించిన రెజిస్టాక్స్ ప్రసిద్ధం.

పరిమితులు

గ్రహాల కోసమే తయారైన యూఎస్‌బీ 3 కెమెరాలు సెకనుకు వందకు పైగా ముడి ఫ్రేములు ఇస్తాయి కనుక కేవలం ఈ పనికోసం డీఎస్ఎల్ఆర్ కొనడం దండుగ. ఇప్పటికే కెమెరా ఉన్నవారికి మాత్రం ఇది అదనపు ఖర్చు లేని మార్గం. పెద్ద సెన్సరు వలన ఒక లాభం లేకపోలేదు. 2020 డిసెంబరు 21న గురు శనుల మధ్య ఎడం సుమారు 6 కోణీయ నిమిషాలకు తగ్గింది. 640×480 కిటికీలో రెండూ పట్టవు. పూర్తి సెన్సరుతో తీసిన ఛాయాచిత్రంలో 4000 మిల్లీమీటర్ల నాభ్యంతరంలో కూడా రెండు గ్రహాలూ సులభంగా ఇముడుతాయి.