కొండ కింద నూనె పాతర

మా నాన్నగారి నాన్నను మేం అబ్బ అని పిలిచేవాళ్ళం. కోయిలకుంట్ల దగ్గర మా ఊళ్ళో ఆయన ఇంటి ముందు నేలలో తవ్విన జొన్నపాతర ఉండేది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు దాన్ని తెరవడం చూశాను. పైమట్టి తవ్వి, బండ పక్కకు జరిపి, ఆ పూటంతా పిల్లల్ని దగ్గరికి రానివ్వలేదు. మధ్యాహ్నం దాటాక తాడుకు లాంతరు కట్టి లోపలికి దించాడు. దీపం ఆరిపోయింది. "లోపల ఊపిరాడదురా అబ్బీ, రేపు దిగుదాం" అన్నాడు. మర్నాడు దీపం నిలిచాకే మనిషిని దించారు. అంచున పేర్చిన చొప్పకు ఆనుకున్న గింజలు ముక్కిపోయాయి. నడిమి జొన్నలు మాత్రం గలగలలాడుతూ వచ్చాయి.

1876-78 నాటి ధాత కరువు గురించి అబ్బ తన పెద్దల నోట విన్నాడు. పాతరలో గింజ ఉన్న ఇల్లు నిలిచింది, లేని ఇల్లు వలసపోయింది అనేవాడు. ఆ మాట మనసులో పెట్టుకునే నేను విశాఖపట్నంలో ఒక ఆయిల్ డిపోలో 33 ఏళ్ళు పని చేశాను. నా పని ట్యాంకుల డిప్ తీయడం, అంటే లోపలి నూనె లోతు కొలవడం. తెల్లవారుజామున ట్యాంకు మెట్లెక్కి, ఇత్తడి గుండు కట్టిన టేపును మూతలోంచి దించేవాణ్ణి. గుండుకు నీటిని పట్టిచ్చే పేస్టు పూసేవాళ్ళం. దాని రంగు ఎంతవరకు మారితే ట్యాంకు అడుగున అంత నీరు చేరినట్టు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లోకి దిగాయి. బంకుల ముందు బారులు చూసి నేనూ భయపడ్డాను. ఇరవై లీటర్ల రేకు డబ్బాలో పెట్రోలు నింపి మేడమెట్ల కింద పెట్టాను. మరుసటి ఎండాకాలం మూత తీస్తే ముక్కుకు తగిలే ఆ ఘాటు లేదు, వార్నిష్ వాసన వచ్చింది. తేనెరంగుకు తిరిగిన ఆ పెట్రోలు పోస్తే స్కూటరు నాలుగు వీధులు నడిచి ఆగిపోయింది. కార్బురేటర్ విప్పిన మెకానిక్ సన్నటి జెట్‌లో గోధుమరంగు జిగురు చూపించాడు.

పెట్రోలు గుణమే అంత. అందులో తేలికపాటి భాగం ముందు ఆవిరైపోతుంది, అది పోతే ఇంజను అంటుకోదు. మిగిలింది గాలితో కలిసి జిగురు కడుతుంది. ఇప్పుడు కలుపుతున్న ఇథనాల్ గాలిలోని తేమను కూడా పీలుస్తుంది. అందుకే డిపోలో పెట్రోలును దాచం, తిప్పుతాం. ముందు వచ్చిన సరుకు ముందే పోవాలి. 1934 నాటి పెట్రోలియం చట్టం కూడా లైసెన్సు లేకుండా, అమ్మకానికి కాక, 30 లీటర్లకు మించి పెట్రోలు ఉంచుకోనివ్వదు. లోహపు డబ్బా 25 లీటర్లకు మించకూడదు.

మరి కరువుకు దాచేదేమిటి? మన రైతు బియ్యం కన్నా వడ్లనే నమ్మాడు. పొట్టు తీయని గింజ నిలుస్తుంది, దంచిన బియ్యానికి పురుగు పడుతుంది. నూనె విషయంలో దేశాలు నేర్చుకున్నదీ అదే. ముడిచమురును గాలీ వెలుతురూ తగలకుండా ఉంచితే ఏళ్ళ తరబడి ఉంటుంది. అడుగున మడ్డి చేరుతుంది, అంతే. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు బిగించాక, పీపా ధర మూడు డాలర్ల నుంచి నెలల్లోనే పన్నెండు డాలర్ల దాకా ఎగబాకింది. 1974లో అంతర్జాతీయ ఇంధన సంస్థ పుట్టింది. సభ్యదేశాలు 90 రోజుల దిగుమతులకు సరిపడా నిల్వ ఉంచాలన్నది దాని షరతు. 1975లో అమెరికా చట్టం చేసి లూసియానా, టెక్సాస్‌లలోని ఉప్పుదిబ్బల్లో గుహలు నింపింది.

మనకు ఆ బుద్ధి ఆలస్యంగా వచ్చింది. వ్యూహాత్మక నిల్వల సంస్థ 2004లో ఏర్పడింది, ముడిచమురు దాచే విశాఖ గుహ 2015లో పనిలోకి వచ్చింది. అది తవ్వుతున్న రోజుల్లో ఒకసారి పని మీద సొరంగంలోకి వెళ్ళాను. సుమారు ఇరవై మీటర్ల వెడల్పు, ముప్పై మీటర్ల ఎత్తు తొలిచిన రాయి. రాతిగోడ మీద చెయ్యి పెడితే అరచేయి తడిసింది. లోపల ఇనుప తొడుగేమీ ఉండదని చెబితే మొదట నమ్మలేకపోయాను. గుహను భూగర్భజల మట్టానికి కింద తొలుస్తారు. పైన రంధ్రాలు వేసి రాతి పగుళ్ళ నిండా నీరు ఎక్కిస్తారు. ఆ నీటి ఒత్తిడి లోపలికి నెడుతుంటే నూనె బయటికి కారలేదు. లోపలికి ఊరిన నీరు అడుగున చేరుతుంది, దాన్ని పంపులతో తోడేస్తారు. మా అబ్బ పాతరకు నీరే శత్రువు, ఈ పాతరకు నీరే కాపలా.

నేల మీది ట్యాంకుల భయం విశాఖ వాసులకు కొత్త కాదు. 1997 సెప్టెంబరు 14 ఉదయం ఇక్కడి రిఫైనరీలో గ్యాస్ లీకై, మంటలు ట్యాంకులకు అంటుకుని, 50 మందికి పైగా చనిపోయారు. ఆ రోజు నగరం మీద కమ్మిన నల్లటి పొగ నా కళ్ళలో ఇంకా ఉంది. కొండ కింద, గాలి చొరని చోట ఉన్న నూనెకు నిప్పు భయం చాలా తక్కువ.

విశాఖ గుహలో 13.3 లక్షల టన్నులు పడతాయి. కర్ణాటకలోని మంగళూరు గుహలో 15 లక్షలు, పాదూరు గుహలో 25 లక్షలు. 2020 ఏప్రిల్, మే నెలల్లో కరోనా వల్ల ధర పడిపోయినప్పుడు మూడింటినీ నింపారు. కోతల కాలంలో, గింజ చౌకగా ఉన్నప్పుడు పాతర నింపే రైతు తెలివి అది.

మూడూ కలిపి 53.3 లక్షల టన్నులు. నిండుగా ఉన్నా, 2019-20 లెక్కన దేశానికి సుమారు తొమ్మిదిన్నర రోజుల వాడకం. చమురు కంపెనీల సొంత నిల్వలు కలిపితే 74 రోజులని ప్రభుత్వం లెక్క చెప్పింది. మనం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా ఓడల మీద వస్తుంది. ఒడిశాలోని చండిఖోల్‌లోను, పాదూరులోను మరో 65 లక్షల టన్నుల గుహలకు 2021లో ఆమోదం తెలిపారు. వాటిని త్వరగా పూర్తి చేయాలి.

చదివేవారికి ఒక్క మాట. యుద్ధవార్త విని డబ్బా పట్టుకుని బంకుకు పరుగెత్తకండి. ఇంట్లో పెట్రోలు నిలవదు, నిలిచినన్నాళ్ళూ నిప్పు పక్కన కాపురమే. నూనె పాతర దేశం తవ్వాలి. ఆ పాతర ఎంత నిండిందో ఏటా అడిగే పని మాత్రం మనది.