వెలివేసిన తరంగములు

1887లో జర్మనీ శాస్త్రజ్ఞుడు హెర్ట్జ్ రెండు లోహగోళముల నడుమ విద్యుత్ స్ఫులింగమును పుట్టించి, రేడియో తరంగములను కనుగొనెను. మార్కోనీ తొలి వార్తలను పంపినదియు ఈ స్ఫులింగముతోనే. కాని దాని తరంగములు ఒక్క పౌనఃపున్యమునకు కట్టుబడవు. విశాలమైన పట్టీ అంతటను వ్యాపించును. సంతలో ఒకడు గొంతు చించుకొనిన పక్కవాని మాట వినబడదు గదా! ప్రసారకేంద్రములు పెరిగిన కొలది వార్తలు కలగాపులగమయ్యెను. అందుచే 1927 వాషింగ్టన్ సమావేశము స్ఫులింగ ప్రసారములను క్రమముగా తొలగింప నిర్ణయించెను.

2002లో అమెరికా ప్రభుత్వము 3.1 నుండి 10.6 గిగాహెర్ట్జ్ వరకు విశాలపట్టీ ప్రసారములను మరల అనుమతించెను. ఏల? అరపు గుసగుసయైనది: మెగాహెర్ట్జ్ ఒక్కింటికి వాటులో కోటవ వంతుకంటె తక్కువ శక్తి. కనుకనే దాని ప్రసారము కొలది దూరమునకే పరిమితము. పట్టీ ఎంత విశాలమైన స్పందనము అంత పొట్టి. నానోసెకండులో తరంగము నడచునది 30 సెంటీమీటర్లే కనుక, స్పందనము చేరిన కాలమును బట్టి దూరమును సెంటీమీటర్లలో లెక్కింపవచ్చును. నేడు కొన్ని కార్లు తమ యజమాని చెంతనున్నాడని గుర్తించి తలుపు తెరచునది ఈ లెక్కతోనే.