మాంద్యంలో ప్రభుత్వ వ్యయం మేలు చేస్తుందా? నిమ్‌పురా రైల్వే బస్తీ చెప్పే లెక్క

ఆర్థిక వ్యవస్థ మందగించినప్పుడు ప్రభుత్వం అప్పు చేసైనా ఖర్చు పెంచాలా, రాబడి తగ్గిన గృహస్థులా తానూ పొదుపు పాటించాలా అన్నది దాదాపు వందేళ్లుగా తెగని వాదం. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో భాగమైన నిమ్‌పురాకు ఈ రెండు విధానాలూ అనుభవమే. గూడ్సు బళ్ల యార్డు, చుట్టూ రైల్వే క్వార్టర్లు, వాటిలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తరాల కిందట వలస వచ్చిన తెలుగు కుటుంబాలు. ఇక్కడ ప్రధాన యజమాని ప్రభుత్వమే. ఢిల్లీలో తీసుకునే వ్యయ నిర్ణయం ఈ బస్తీకి ఒకటో తారీఖు జీతంగా చేరుతుంది. కోత పడినా అది ముందుగా తెలిసేది జీతం చీటీలోనే.

ఉద్దీపన వ్యయాన్ని సమర్థించేవారి వాదన సులువుగానే అర్థమవుతుంది. యార్డులో పనిచేసే ఉద్యోగి చేతికి అదనంగా వెయ్యి రూపాయలు వస్తే, అందులో కొంత ఖరగ్‌పూర్‌లోని గోల్ బజార్‌లో ఖర్చవుతుంది. ఆ దుకాణదారుడి ఆదాయం పెరిగి, అతడు మరికొంత ఖర్చు చేస్తాడు. ప్రభుత్వం పెట్టిన ఒక రూపాయి చివరకు దేశ ఆదాయాన్ని ఎన్ని రూపాయలు పెంచిందో చెప్పే సంఖ్యనే గుణకం అంటారు. ప్రతి మలుపులోనూ కొంత సొమ్ము బయటికి జారిపోతుంది. పొదుపు చేసిన డబ్బు, దిగుమతి సరుకుకు చెల్లించిన డబ్బు ఆ చక్రంలో తిరగవు. నిమ్‌పురా నుంచి స్వగ్రామానికి పంపే సొమ్ము సంగతి వేరు. ఖరగ్‌పూర్ బజారుకు అది నష్టమే గాని, శ్రీకాకుళం జిల్లా పల్లెలో ఖర్చవుతుంది కనుక దేశం లెక్కలో పోయినట్టు కాదు. పట్టణం పుస్తకాలు వేరు, దేశం పుస్తకాలు వేరు అన్నది ఈ చర్చలో తరచు మరుగున పడే విషయం.

గుణకం భావనను 1931లో రిచర్డ్ కాన్ రూపొందించగా, 1936లో జాన్ మేనార్డ్ కీన్స్ దానిని సమగ్ర సిద్ధాంతంలో భాగం చేశారు. కీన్స్ తొలి ఉద్యోగం లండన్‌లోని ఇండియా ఆఫీసులోనే అయినా, మహా మాంద్యంలో భారత ప్రభుత్వం నడిచిన దారి ఆయన చూపిన దారికి పూర్తిగా వ్యతిరేకం.

ఖరగ్‌పూర్‌లో కోతలు అంతకుముందే మొదలయ్యాయి. 1922-23 నాటి ఇంచ్‌కేప్ కమిటీ ప్రభుత్వ వ్యయాన్ని తగ్గించాలని సిఫార్సు చేసింది. రైల్వేలూ దాని పరిధిలోకి వచ్చాయి. 1927లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో వెయ్యికి పైగా కార్మికుల తొలగింపునకు పూనుకోవడంతో పెద్ద సమ్మె జరిగింది. ఆ కార్మికోద్యమానికి నాయకత్వం వహించిన వారిలో బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టిన వి.వి.గిరి ముఖ్యులు. ఆయనే తరువాత రాష్ట్రపతి అయ్యారు. 1929 అనంతరం పంటల ధరలు దాదాపు సగానికి పడిపోయి, సరకు రవాణా తగ్గి, రైల్వే రాబడి క్షీణించింది. 1931లో ఆర్థిక సభ్యుడు జార్జ్ షూస్టర్ పన్నులపై 25 శాతం సర్‌చార్జి వేశారు, ఉద్యోగుల జీతాల్లో 10 శాతం కోశారు. రైల్వేల్లో వేల మందిని తొలగించారు. రూపాయి మారకపు విలువ నిలబెట్టడం, లండన్‌కు చెల్లింపులు ఆగకుండా చూడడం ఆనాటి ప్రభుత్వ ప్రాధాన్యాలు. కొనేవారు లేని కాలంలో కొనుగోలు శక్తిని ఇంకా తగ్గించిన విధానమది.

2008 సంక్షోభ కాలానికి ఆలోచన మారింది. 2008 డిసెంబరు 7, 2009 జనవరి 2, ఫిబ్రవరి 24 తేదీల్లో కేంద్రం మూడు ప్యాకేజీలు ప్రకటించింది. ఎక్సైజు సుంకం, సేవా పన్ను తగ్గించి, ప్రణాళికా వ్యయం పెంచింది. అయితే నిమ్‌పురా వంటి బస్తీల్లో పనిచేసిన ఉద్దీపన ఈ మూడింటిలోనూ లేదు. ఆరో వేతన సంఘం సిఫార్సులను కేంద్ర మంత్రివర్గం 2008 ఆగస్టులో, అంటే లేమాన్ బ్రదర్స్ కూలడానికి నెల ముందే, ఆమోదించింది. 2006 జనవరి నుంచి రావలసిన బకాయిల్లో 40 శాతాన్ని 2008-09లో, మిగతా 60 శాతాన్ని మరుసటి ఏడాది చెల్లించారు. మాంద్యాన్ని ఊహించి చేసిన పని కాదది, కానీ సమయానికి అందింది. అంతకు కొద్ది నెలల ముందు ప్రకటించిన రైతు రుణమాఫీ కూడా ఇలాంటిదే. వృద్ధి రేటు 2008-09లో 7 శాతం లోపునకు దిగి, మరుసటి ఏడాదే మళ్లీ 8 శాతం స్థాయికి చేరింది.

దానికి మూల్యమూ ఉంది. 2007-08లో జీడీపీలో 2.5 శాతంగా ఉన్న కేంద్ర ద్రవ్యలోటు రెండేళ్లలో 6 శాతం దాటింది. కోలుకున్నాక కూడా ఉద్దీపనను త్వరగా ఉపసంహరించలేదు. చిల్లర ధరలు కొన్నేళ్ల పాటు ఏటా 10 శాతానికి అటూ ఇటూ పెరిగాయి. 2013లో రూపాయి పతనానికి ఆ లోటు కూడా ఒక కారణమన్న విమర్శ నేటికీ బలంగా ఉంది. వ్యయాన్ని పెంచడం ఏ ప్రభుత్వానికైనా తేలిక, తగ్గించడమే కష్టం.

2020లో ఒకే ఖజానా రెండు వైపులా లాగింది. ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో జీడీపీ 23.9 శాతం కుంగినట్టు తొలి అంచనా తేల్చింది. మే 12న ప్రకటించిన 20 లక్షల కోట్ల రూపాయల ప్యాకేజీలో అధిక భాగం నేరుగా చేసే ఖర్చు కాదు. రుణ హామీలు, బ్యాంకులకు నగదు లభ్యత వంటివి. చిన్న పరిశ్రమలకిచ్చిన 3 లక్షల కోట్ల హామీ రుణం అప్పటికే బ్యాంకు అప్పు ఉన్నవారికి, ఆ అప్పులో 20 శాతం మేరకే దక్కేది. స్టేషను బయట టీ బండి నడిపే వ్యక్తికి బ్యాంకు అప్పే ఉండదు. అతడికి దక్కింది రేషను బియ్యం, ఇంట్లో జన్‌ధన్ ఖాతా ఉన్న మహిళకు మూడు నెలల పాటు నెలకు 500 రూపాయలు, దరఖాస్తు చేసుకుంటే వీధి వ్యాపారుల పథకం కింద 10 వేల రూపాయల రుణం. హౌరా వైపు లోకల్ రైళ్లు నవంబరు 11 దాకా నడవనే లేదు. ప్రయాణికులే లేనప్పుడు అప్పు తెచ్చి టీ కాచి ఎవరికి అమ్మాలి?

జీతం ఆగని రైల్వే ఉద్యోగి పరిస్థితి మరో విచిత్రం. ఏప్రిల్ 23న కేంద్రం కరవు భత్యాన్ని 17 శాతం వద్ద స్తంభింపజేసింది. మూడు వాయిదాల పెంపు నిలిచిపోయింది. తరువాత అక్టోబరు 12న అదే ఉద్యోగులు ఖర్చు పెంచాలంటూ 10 వేల రూపాయల వడ్డీ లేని పండుగ అడ్వాన్సు, ప్రయాణ రాయితీకి బదులు నగదు పథకం ప్రకటించింది. రెండో దానికి షరతు, 12 శాతం లేదా అంతకు మించి జీఎస్టీ ఉన్న వస్తుసేవలను 2021 మార్చి 31లోగా కొనాలి. ఒక చేత్తో ఆపిన సొమ్మును మరో చేత్తో పది వాయిదాల్లో తీర్చవలసిన అప్పుగా ఇచ్చినట్టయింది.

ఉపాధి హామీ పథకం మాత్రం పరీక్షకు నిలిచింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆరంభమైన ఈ పథకంలో పని అడిగేవారు పెరిగితే ఖర్చు దానంతటదే పెరిగేది, ప్యాకేజీ కోసం ఆగనవసరం లేదు. 2019-20లో 265 కోట్లుగా ఉన్న పనిదినాలు 2020-21లో 389 కోట్లకు చేరాయి. కానీ అది గ్రామాలకే పరిమితం. మున్సిపాలిటీ పరిధిలోని నిమ్‌పురాలో ఉపాధి పోగొట్టుకున్న కూలీకి అలాంటి హక్కు లేదు. పట్టణ పేదల విషయంలో దేశ ఉద్దీపన విధానంలో ఉన్న పెద్ద ఖాళీ ఇదే.

ఏ రకం ఖర్చు ఎక్కువ ఫలితమిస్తుందన్న ప్రశ్నకు జాతీయ ప్రభుత్వ ఆర్థిక, విధాన సంస్థకు చెందిన సుకన్య బోస్, ఎన్.ఆర్.భానుమూర్తి 2013లో అంచనా వేశారు. మూలధన వ్యయం గుణకం 2.45 కాగా, నగదు బదిలీలది 0.98. అందుకే 2021 తరువాత కేంద్రం రైలు మార్గాలు, రహదారులపై మొగ్గు చూపింది. 2023-24 బడ్జెట్‌లో మూలధన వ్యయం 10 లక్షల కోట్లు, అందులో రైల్వేలకు 2.4 లక్షల కోట్లు. ఈ అంకెలో కాలం కనిపించదు. నిమ్‌పురా నుంచి ఆదిత్యపూర్ వరకు 132 కిలోమీటర్ల మూడో లైను గత దశాబ్దంలో మంజూరై, భూమి, వంతెనల పనులతో ఏళ్ల తరబడి సాగింది. మాంద్యం అంతకాలం ఆగదు. మంజూరై సిద్ధంగా ఉన్న పనులకు నిధులు వేగంగా విడుదల చేయడం వేరు, మాంద్యం వచ్చాక కొత్త ప్రాజెక్టుకు సర్వే మొదలుపెట్టడం వేరు. ఆకలికి కావలసింది వెంటనే ఖర్చయ్యే నగదు. గుణకం తక్కువైనా దానికి ప్రత్యామ్నాయం లేదు.

స్తంభించిన కరవు భత్యం 2021 జులై నుంచి 28 శాతంగా పునరుద్ధరణ అయింది. మధ్యలోని 18 నెలల బకాయిలు చెల్లించలేదు. దీనివల్ల 34,402 కోట్ల రూపాయలు ఆదా అయినట్టు కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. బకాయిలు ఇవ్వాలని రైల్వే సంఘాలు కోరగా, సాధ్యం కాదని ప్రభుత్వం బదులిచ్చింది.