దీర్ఘకాలిక అలసట - విశ్వవిద్యాలయ విద్యార్థులు, వ్యాయామం

విశ్రాంతి తీసుకున్నా తీరక, వారాలు, నెలల తరబడి కొనసాగే బడలికను దీర్ఘకాలిక అలసట అంటారు. ఇది ఒక లక్షణమే గాని, దానంతట అది వ్యాధి కాదు. విశ్వవిద్యాలయ విద్యార్థులలో ఇది తరచుగా కనిపిస్తుంది. దీనికి భిన్నమైన క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ ఒక ప్రత్యేక వ్యాధి. పేర్ల పోలిక వలన రెండింటినీ ఒకటిగా పొరబడడం కద్దు. మొదటి దానిలో క్రమబద్ధమైన వ్యాయామం మేలు చేస్తుంది. రెండవ దానిలో శక్తికి మించిన వ్యాయామం హాని చేస్తుంది.

కారణాలు

విద్యార్థులలో నిద్రలేమి, పరీక్షల ఒత్తిడి, వేళ తప్పిన భోజనం, రోజంతా కూర్చొని ఉండడం ముఖ్య కారణాలు. రక్తహీనత, థైరాయిడ్ లోపం, మధుమేహం, మానసిక కుంగుబాటు వంటి రుగ్మతలు కూడా అలసటను కలిగిస్తాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 సంవత్సరాల స్త్రీలలో రక్తహీనత ఆంధ్ర ప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతంగా ఉన్నది. కనుక తెలుగు విద్యార్థినులు ఎడతెగని అలసటతో బాధపడుతున్నప్పుడు ముందుగా రక్తపరీక్ష చేయించుకొనడం అవసరం. రక్తహీనతకు వ్యాయామం చికిత్స కాదు.

పరిశోధనలు

అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో ఒక అధ్యయనాన్ని ప్రచురించారు. వ్యాయామం అలవాటు లేక, ఎడతెగని అలసటతో ఉన్న 36 మంది యువతీయువకులను ఇందులో మూడు వర్గాలుగా విభజించారు. రెండు వర్గాలవారు ఆరు వారాలపాటు వారానికి మూడుసార్లు, ప్రతిసారీ 20 నిమిషాలు సైకిల్ యంత్రంపై వ్యాయామం చేశారు. తేలికపాటి వ్యాయామం చేసినవారిలో అలసట 65 శాతం, మధ్యస్థ తీవ్రతతో చేసినవారిలో 49 శాతం తగ్గింది. అనగా తేలికపాటి వ్యాయామమే ఎక్కువ ఫలితమిచ్చింది. అయితే వీరెవరూ క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ రోగులు కారు.

నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, చదువు వలన బాగా అలసిన 97 మంది విద్యార్థులు పాల్గొన్నారు. ఆరు వారాలపాటు నెమ్మదిగా పరుగెత్తిన వర్గంలో అలసట తగ్గి, నిద్ర మెరుగుపడింది.

క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్

1955లో లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆసుపత్రి సిబ్బందిలో సుమారు 300 మందికి ఒక వింత అస్వస్థత సోకింది. దీనికి మరుసటి సంవత్సరం మయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్ అనే పేరు వచ్చింది. క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అనే పేరు 1988లో అమెరికాలో ఏర్పడింది. ప్రస్తుతం రెండు పేర్లనూ కలిపి వాడుతున్నారు. పలువురిలో ఇది వైరస్ జ్వరం తరువాత మొదలవుతుంది.

శ్రమ తరువాత లక్షణాలు ముదరడం ఈ వ్యాధి ప్రధాన చిహ్నం. ఇది వెంటనే గాక, తరచు 12 నుండి 48 గంటల తరువాత బయటపడి, రోజులు, వారాలు ఉండవచ్చును. శారీరక శ్రమయే గాక, గంటల తరబడి చదవడం, పరీక్ష వ్రాయడం కూడా దీనికి దారితీయవచ్చును. నిద్రించినా సేద తీరకపోవడం, జ్ఞాపకశక్తి మందగించడం, లేచి నిలబడితే తల తిరగడం ఇతర లక్షణాలు.

బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2007లో ఈ రోగులకు క్రమంగా పెంచే వ్యాయామాన్ని చికిత్సగా సూచించింది. ఆధారాలను పునఃపరిశీలించి 2021 అక్టోబరులో ఆ సూచనను ఉపసంహరించింది. ఉన్న శక్తి పరిధిలోనే పనులను, విశ్రాంతిని సర్దుకొనే పద్ధతిని ప్రస్తుతం సూచిస్తున్నది.

ఆచరణ

* అలసట వారాల తరబడి తగ్గకపోతే వ్యాయామం మొదలుపెట్టే ముందు వైద్యుని సంప్రదించాలి.
* రుగ్మత ఏదీ లేదని తేలినవారు రోజుకు 10-15 నిమిషాల నడకతో ఆరంభించి నెమ్మదిగా పెంచవచ్చును. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.
* నిద్రను తగ్గించుకొని వ్యాయామం చేయరాదు.
* వ్యాయామం చేసిన మరునాడో, రెండవనాడో స్థితి దిగజారుతుంటే, వ్యాయామం ఆపి తిరిగి వైద్యునికి చెప్పాలి.

ఇటువంటి విద్యార్థి తరగతికి రాకపోవడాన్ని, ఆటస్థలానికి దూరంగా ఉండడాన్ని సోమరితనంగా భావించి బలవంతంగా వ్యాయామం చేయించడం ప్రమాదకరం. హాజరులో సడలింపు, పరీక్షలో అదనపు సమయం, మధ్యలో విశ్రాంతి వంటి ఏర్పాట్లతో కొందరు చదువును కొనసాగించగలుగుతారు.

ఇవి కూడా చూడండి

* రక్తహీనత
* నిద్రలేమి
* వ్యాయామం