వ్యాధియు, వెలియు

వ్యాధి చరిత్రను వైద్యులు మందులను బట్టి వ్రాయుదురు. రోగి గడపిన బ్రతుకును బట్టి వ్రాయఁదగిన చరిత్ర వేఱొకటి కలదు. హెచ్.ఐ.వి. విషయమున నీ రెండు చరిత్రలును సమానవేగమున నడవలేదని మా యభిప్రాయము.

మన దేశమున నీ వ్యాధి 1986లో మదరాసునఁ గనుగొనఁబడెను. మూఁడేండ్లకు గోవాలో డొమినిక్ డిసౌజా యను యువకుఁడు దాని ఫలము ననుభవించెను. అతఁడు తఱచుగ రక్తదానము చేయువాఁడు. ఆ రక్తమున వ్యాధిబీజము కనఁబడెనని 1989 ఫిబ్రవరిలోఁ బోలీసులు పట్టుకొనిపోయి, పాడువడిన క్షయరోగుల ఆసుపత్రిలో 64 దినములు ఒంటరిగ నిర్బంధించిరి. నేర మెఱుఁగనివానికిఁ గావలి! తల్లి లూసీ డిసౌజా బొంబాయి హైకోర్టు నాశ్రయించెను. కుమారుఁడు విడుదలయ్యెను గాని, నిర్బంధమునకు వీలిచ్చిన శాసనము చెల్లునని న్యాయస్థానము తీర్పు చెప్పెను. 1992లో నతఁడు మరణించెను.

ఈ బుద్ధి క్రొత్తది కాదు. 1898 నాఁటి చట్టము దిక్కులేని కుష్ఠరోగులను నిర్బంధించుట కధికార మిచ్చినది. కుష్ఠు సులభముగ నంటునది కాదు, హెచ్.ఐ.వి. స్పర్శచేతను సహభోజనముచేతను అంటనే యంటదు. లేని యంటును గల్పించుట మన సంఘమునకుఁ బాతవిద్యయే.

1996లోఁ బలుమందులను గలిపి యిచ్చు చికిత్స వెలువడెను. 2004 ఏప్రిల్ 1 నుండి మన ప్రభుత్వము దాని నుచితముగ నిచ్చుట కారంభించెను. సకాలమున మొదలిడి నిత్యము మందు వాడువాఁడు ఇంచుమించు తక్కినవారివలెనే దీర్ఘకాలము జీవింపఁగలఁడు. రక్తపరీక్షకుఁ గనఁబడనంతగ వ్యాధిబీజ మణఁగియున్నచో దాంపత్యమున సయితము అంటదు. 2017లోఁ బుట్టి 2018లో నమలునకు వచ్చిన చట్టము ఉద్యోగమునఁ, జదువున, నివాసమున వివక్షను నిషేధించినది. సమ్మతి లేక పరీక్షింపరాదన్నది.

శరీర మిట్లు గట్టెక్కినది, మనస్సు గట్టెక్కినదా? ఈ రోగులలో విషాదరోగము ఇతరులకంటె నధికము. విషాదమున మునిఁగినవాఁడు మందు మానును. మానినచో వ్యాధిబీజము మరల విజృంభించును. కాఁబట్టి మనశ్శాంతి చికిత్సకు నలంకారము గాదు, అంగము.

పురుషుల స్థితి యించుక భిన్నము. గర్భిణులకుఁ బరీక్ష చేయు నేర్పాటు కలదు. పురుషున కట్టి యదను లేదు. కావున ననేకులకు వ్యాధి ముదిరిన పిదపనే తెలియును. మగవాఁ డేడ్వరాదను మాట వారి నోరు నొక్కును. సంపాదించువాఁడు కొలువు పోవునను భయమున మందు సీసాను దాఁచుకొనును. భార్యకుఁ జెప్పలేఁడు, మిత్రునకుఁ జెప్పలేఁడు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశము ఈ వ్యాధి యధికముగ నున్న రాష్ట్రములలో నొకటిగ గణింపఁబడినది. ఇది పరదేశపు ముచ్చట గాదు. చికిత్సాకేంద్రములలో సలహాదారులు గలరు. ఇంట నెవ్వరు గలరు? రోగి తన మాటను భయము లేక చెప్పుకొనుటకు ఒక సోదరుఁడో మిత్రుఁడో కావలయును. వానిని పంక్తిలోఁ గూర్చుండఁబెట్టుకొనుటకుఁ జట్టము మనల నిర్బంధింపఁజాలదు. ఆ పని మనదే.